ఎర్ర డబ్బా కార్డుకి జరిగిన అన్యాయం

మనిషి పరువు పోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. కొందరికి ఎన్నికల్లో పోతుంది, కొందరికి పెళ్ళిపందిట్లో పోతుంది. నాది మాత్రం కంప్యూటరు డబ్బాలోంచి జారి, మా నాన్న ప్రాణస్నేహితుడి గారెల పళ్ళెం పక్కన పడింది. అది పడడం కళ్ళారా చూసినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళు ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా ఆ కథకి మసాలా దట్టించి వడ్డిస్తున్నారు గనక, అసలు వంటకం ఎలా మాడిందో వండినవాణ్ణి నేనే చెప్పడం న్యాయం.

ముందుగా నా జబ్బేమిటో చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. మాది కలకత్తా పక్కన లిలువాలో రెండు గదుల రైల్వే క్వార్టరు, అంత భూతానికి అందులో చోటు లేదు, అందుకని అది నా బుర్రలో కాపురం పెట్టింది. చేపలమ్మే మాషీ "ఇప్పుడే పట్టింది బాబూ" అంటే, చేప కళ్ళలోకి చూసి అడ్డప్రశ్నలు వేసేవాణ్ణి. లిలువా స్టేషన్లో హౌరా లోకల్ ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని మైకులో చెబితే, ఆ గొంతు నమ్మదగినదేనా అని ఆలోచిస్తూ నిలబడి బండి పోగొట్టుకున్న ఘనుణ్ణి. నన్ను తప్ప అందరినీ అనుమానించేవాణ్ణి. ఆ "నన్ను తప్ప" దగ్గరే వచ్చింది చిక్కంతా.

అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. నాన్నది లిలువా వర్క్‌షాపులో రైలుపెట్టెలు బాగుచేసే సెక్షన్‌లో పని. చదువు పేరు చెప్పి ఆయనచేత ఒక కంప్యూటరు కొనిపించాను గానీ, అందులో నేను చదివిందల్లా కారుపందెం ఆట. అదీ సరిగ్గా సాగేది కాదు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరులో కారుపందెం అంటే, రథోత్సవం చూసినట్టే: కదులుతుంది, ఆగుతుంది, దండం పెట్టుకుంటే మళ్ళీ కదులుతుంది.

ఇలా ఉండగా సంత్రాగాఛి క్వార్టర్లలో ఉండే మా మేనమామ కొడుకు చంటి బావ ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. ఊళ్ళోకి కొత్త రకాలు వచ్చి మూలపడిన పాత కార్డుని, చాందినీ బజార్లో బేరమాడి, ఆకుపచ్చ డబ్బాతో సహా తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఫోను చేశాడు.

"ఏట్రా సింహాచలం, మీ ఇంట్లో కార్లు ఇంకా ఎడ్లబళ్ళలాగే నడస్తన్నాయేటి?"

"ఎడ్లబండయినా గమ్యం చేరతాది బావా."

"సేరతాది, సేరతాది. అప్పటికి నువ్వు రిటైరయిపోతావు."

ఆ మాట నాకు అన్నం సయించకుండా చేసింది. నా మొహం చూసి నాన్న, వర్క్‌షాపులో తన పక్క బల్ల దగ్గర పనిచేసే దులాల్ కాకుతో, అంటే దులాల్ బాబాయితో, ఈ సంగతి అన్నాడట. మర్నాడే కాకు మా ఇంటికొచ్చి ఒక ఎర్ర డబ్బా నా చేతిలో పెట్టాడు. ఆయన కొడుకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, వాడి గ్రాఫిక్స్ కార్డు బీరువాలో ఉండిపోయింది. అదీ బావ కార్డు తరందే, పాతదే.

నాన్న దగ్గర నేర్చుకున్న తెలుగు కావడంతో దులాల్ కాకు అచ్చం శ్రీకాకుళం మాటే మాట్లాడేవాడు, మధ్యమధ్య బెంగాలీ నంజుకుని. "తీసుకో బాబా. మావోడు పట్టుమని పది రోజులు ఆడనేదు. కొత్తదే అనుకో."

"ఎంత ఇమ్మంటారు కాకూ?"

"ఆరే బాబా! ఇంటి పిల్లోడికి అమ్ముతానేటి?"

మామూలు మనిషయితే ఆ మాటకి కాళ్ళకి దండం పెట్టేవాడు. నేనూ పెట్టాను. పెడుతూనే, వంగినచోటే, అనుమానించాను. ఊరికే ఎందుకిస్తున్నాడు? అంత మంచిదయితే బీరువాలో ఎందుకుంది? అతి వినయం ధూర్త లక్షణం అన్నవాళ్ళు ఉచితంగా ఇచ్చే కార్డు గురించి చెప్పలేదు గానీ, బతికుంటే తప్పకుండా చెప్పేవారని నాకనిపించింది. కానీ కార్డు పెట్టి చూస్తే కారు జింకలా ఉరికింది. దాంతో అనుమానాన్ని మడిచి లోపల దాచుకున్నాను. పారేయలేదు, గమనించండి.

వెంటనే బావకి ఫోను. నీదా నాదా అన్న మాట వచ్చింది. విశ్వకర్మ పూజనాడు బావ తన కార్డు పట్టుకుని మా ఇంటికి రావాలి, మా కంప్యూటరులోనే రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడాలి, ఓడినవాడు చుట్టాలందరి ముందూ "నీ కార్డే కార్డు" అని చెంపలేసుకోవాలి. ఇదీ పందెం. ఎర్ర డబ్బా నాది, ఆకుపచ్చ డబ్బా బావది. ఆ రోజుల్లో మా బెంగాల్లో ఎన్నికల్లో ఎర్ర రంగు ఓడిపోవడం మా తరంవాళ్ళెవరూ చూసి ఎరగరు కనక నాకు ధైర్యంగా ఉంది.

విశ్వకర్మ పూజ అంటే లిలువాలో మాటలు కాదు. వర్క్‌షాపులో యంత్రాలన్నిటికీ పూలదండలు, మధ్యాహ్నం అందరికీ కిచిడీ. మేడలమీద ముసలీ ముతకా అంతా గాలిపటాలు. ఎవరి పటమైనా తెగితే నాలుగు వీధులూ కలిసి "భోకట్టా!" అని అరుపు. మన ఆయుధపూజ దసరాకి కదా. కానీ అమ్మ, బెంగాల్లో ఉంటూ ఈ దేవుడికి కోపం తెప్పించడం ఎందుకని, ఇదీ చేసేది, మన పద్ధతిలోనే. పీటమీద నాన్న పానాలు, సుత్తులు, పక్కన కుట్టుమిషను. వాటికి పసుపు, కుంకుమ బొట్లు, నెయ్యి రాసి పసుపు కలిపిన అక్షింతలు.

బావ పొద్దున్నే సందేశ్ మిఠాయి డబ్బా ఒకటి పట్టుకుని దిగాడు. అమ్మ సంబరపడి మూత తీసింది.

"ఇదేటిరా చంటీ, సందేశ్ అనుకున్నాను, ఇనపముక్కలున్నాయి!"

"అది కార్డత్తా. ఆ పెద్ద డబ్బా లోకల్లో నలిగిపోతాదని ఇందులో తెచ్చినాను."

"సరే, పీటమీద ఎట్టు. ఒక బొట్టెడతాను."

"డబ్బాకెట్టత్తా. లోపలిది ముట్టుకోకు."

చూశారా? సొంత అత్తచేత బొట్టు పెట్టించుకోవడానికి ఒప్పుకోడేం? లోపలేముందో? ఈ ప్రశ్న వేసుకుంటూనే నా కార్డుని డబ్బాలోంచి తీసి, పీట మధ్యలో, దేవుడికి ఎదురుగా, దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను పైకి కనబడేలా పడుకోబెట్టాను. అమ్మ దానిమీద బొట్టు పెట్టి నాలుగు అక్షింతలు వేసింది. బావ డబ్బా మూతమీద కూడా నాలుగే వేసింది. పోటీలో ఉన్న రెంటికీ దేవుడి దీవెన సమానమయితే ఇక పూజ ఎందుకు? అమ్మ హారతికి అగ్గిపెట్టె వెతుకుతున్నప్పుడు నా కార్డుమీద ఇంకో పిడికెడు భక్తిగా కుమ్మరించాను.

"ఈయాల యంత్రాలకి సెలవు," అంది అమ్మ హారతి ఇస్తూ. "ఎవులూ ఏటీ ముట్టుకోకండి. నాను మిక్సీ కూడా ముట్టుకోను. గారెలకి పప్పు రోట్లోనే రుబ్బుతాను."

"అలాగేనమ్మా" అన్నాను. మధ్యాహ్నం పప్పు రుబ్బి రుబ్బి ఆవిడ నడుం వాల్చింది. నాన్న వర్క్‌షాపులో కిచిడీ దగ్గరున్నాడు. నేను స్క్రూడ్రైవరు తీశాను.

మొదట బావ కార్డు. మా ఆటలో తెర మూల ఒక అంకె కనబడేది, సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పేది. అంకె ఎంత పెద్దదయితే కారు అంత నున్నగా పరిగెడుతుంది. ఆకుపచ్చ కార్డు మూడు చుట్లూ ముప్ఫైకి అటూ ఇటూగా, ఆఫీసు గుమాస్తాలాగా, ఎక్కువ సంతోషమూ లేదు ఎక్కువ దుఃఖమూ లేదు అన్నట్టు నడిపింది.

తర్వాత నాది. కళ్ళకద్దుకుని, అక్షింతలు దులిపి, బిగించాను. బిగించాక ఫ్యాను నేలవైపు తిరిగిపోతుంది గనక ఇక దాని మొహం మనకి కనబడదు. ఈ ముక్క గుర్తుంచుకోండి. ఆట మొదలవగానే అంకె నలభై దాటింది.

"సూడు బావా! సూడు! ఎడ్లబండి సూడు!"

బావ మొహం మాడిపోయింది. నేను ఈల వేస్తున్నాను. రెండో చుట్టు మలుపులో ఆకాశం ఉన్నట్టుండి ఊదారంగు గళ్ళలుంగీలా మారిపోయింది. అంకె ఇరవైకి పడింది, పదికి పడింది. కారు చెట్టులోంచి సగం బయటికి వచ్చి, ఆ సగంలోనే బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఎవరి గాలిపటమో తెగి, మేడలన్నీ ఒక్క గొంతుతో "భోకట్టా!" అని అరిచాయి.

"ఆళ్ళకి కూడా తెలిసిపోనాది," అన్నాడు బావ.

"ఆగు. కరెంటు తేడా వచ్చుంటాది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట. నువ్వు మద్దెల బాగుసేసుకో, నాను టీ తాగొస్తాను."

వాడు అటు వెళ్ళాడు. నేను కంప్యూటరు ఆపి, కాసేపు దాన్ని బతిమాలి, మళ్ళీ పెట్టాను. నలభై! జింక! కేక వేసి బావని పిలిచాను. వాడు తాపీగా వచ్చి, నా వెనక కుర్చీలో కూర్చుని, "ఏదీ?" అన్నాడు. ఊదారంగు లుంగీ. పది. బిగుసుకుపోవడం.

బావ మళ్ళీ టీకి వెళ్ళాడు. మళ్ళీ నలభై. బావ వచ్చాడు. మళ్ళీ లుంగీ.

పాఠకులారా, మీరయితే ఏమనుకుంటారు? చల్లగా ఉన్నంతసేపు నడుస్తోంది, వేడెక్కితే ఆగిపోతోంది అనుకుంటారు. మీకు బుర్ర ఉంది. నాకు భూతం ఉంది. బావ లేనప్పుడు నడుస్తోంది, బావ రాగానే చస్తోంది. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

"బావా, నువ్వు గుమ్మం అవతల నిలబడు."

"ఎందుకు?"

"నిలబడు, సెప్తాను."

నిలబడ్డాడు. అయినా ఆగిపోయింది. "ఇంకా అవతలికి. ఆ కుళాయి దగ్గరికి." అక్కణ్ణుంచి కూడా ఆగిపోయింది. దూరం పెరిగినా వాడి ప్రభావం పనిచేస్తోందంటే జేబులో ఏదో ఉందన్నమాట. అయస్కాంతమే అయ్యుంటుంది. సంత్రాగాఛి యార్డులో అలాంటివి దొరక్కపోవు.

"బావా, జేబులు తియ్యి."

"ఏటీ?"

"జేబులు. రెండూ."

వాడు నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఆ చూపులో చుట్టరికం చాలావరకు అప్పుడే తెగిపోయింది. జేబుల్లోంచి సీజన్ టికెట్టు, దువ్వెన, కాగితంలో చుట్టిన కాసిని లవంగాలు బయటపడ్డాయి.

"లవంగాలెందుకు?"

"పంటినొప్పి!" అన్నాడు, అవసరమైనదానికంటే గట్టిగా. "సిగ్గునేదేటిరా? నన్ను దొంగని సేస్తన్నావు! నన్నొగ్గేసి ఆ కార్డిచ్చినోణ్ణి అడుగు. మంచి కార్డు ఊరికే ఎవుడిస్తాడు?"

అంతే. లోపల మడిచి దాచుకున్న అనుమానం ఉంది చూశారూ, అది మడత విప్పుకుని నిలువెత్తున లేచింది. నిజమే! ఊరికే ఎవడిస్తాడు? దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు గానీ, ఆవు నోరే తెరవకపోతే అడగాలా వద్దా?

అలికిడికి అమ్మ లేచి వచ్చింది. తెరమీద గళ్ళ ఆకాశం చూసి లెంపలేసుకుంది. "సెలవన్నాను కదరా! దేవుడికి కోపమొచ్చినాది!"

"దేవుడికి కాదమ్మా. ఇది మనుషుల పని."

సాయంత్రం నాన్న ఇంటికి రాగానే గుమ్మంలోనే చెప్పాను. "నాన్నా, ఆ కార్డు పాడయిపోనాది. కాకుకి తెలిసే మనకి అంటగట్టినాడు."

నాన్న చెప్పులు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. ఆయన కోప్పడితే నేను భయపడేవాణ్ణి కాదు. ఆయన మెల్లగా మాట్లాడాడు. "ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు బెంగాలీ రాదు. ఆకలేస్తంది అని సెప్పడానిక్కూడా మాట రాదు. ఆ మాట నేర్పినోడు దులాల్. నేర్పకముందే తన అన్నం డబ్బాలో సగం నాకెట్టినోడు. ఆడు ఇంకాసేపట్లో వస్తాడు. ఆడి ముందు ఈ మాట నోట్లోంచి వచ్చిందా, ఆడు మన గుమ్మం మళ్ళీ తొక్కడు. నాను ఆడి మొహం సూడనేను. తెలిసిందా?"

ఏటా విశ్వకర్మ పూజ సాయంత్రం దులాల్ కాకు మా ఇంట్లో అమ్మ గారెలు తినాలి. అది వాళ్ళిద్దరి మధ్య రాయని ఒప్పందం. నాన్నకి ఈ ఊళ్ళో ఉన్నదే ఆ ఒక్క స్నేహితుడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో వినండి.

కాకు వచ్చాడు. ఆ వయసులో కూడా పొద్దుణ్ణుంచీ గాలిపటాలెగరేసి, మాంజా దారం కోసిన వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. అమ్మ గారెల పళ్ళెం పెట్టింది. "బౌదీ, సొంఠి పచ్చడి నేదేటి?" అని వదిన వరసలో అమ్మని అడిగి వేయించుకుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఏటి బాబా, కార్డు ఎలాగున్నాది? బావని ఓడించినావా?" అన్నాడు.

నాన్న నావైపు చూశాడు. బావ పైకప్పువైపు చూశాడు. నేను ఎవరివైపూ చూడలేదు.

"మీకే తెలియాలి కాకూ," అన్నాను.

"అంటే?"

"చూపిస్తాను."

కంప్యూటరు పక్కమూత అప్పటికే తీసి ఉంది. పెద్ద ఆపరేషను చేసే డాక్టరులాగా కార్డు బయటికి లాగి, కాకు పళ్ళెం పక్కన పాత పేపరు పరిచి, దానిమీద వెల్లకిలా పెట్టాను. ఫ్యానుని వేలితో తోశాను. తిరగలేదు.

"చూశారా? ఫ్యాను చచ్చిపోయింది. ఫ్యాను లేక వేడెక్కి ఆగిపోతోంది. ఇది కొత్తదా?"

"సింహాచలం!" అన్నాడు నాన్న.

నేను వింటేనా! అమ్మ దగ్గర గుండుసూది అడిగి తీసుకుని ఫ్యాను రెక్క కింద గుచ్చి పైకి ఎత్తాను. ఏదో టప్పున ఎగిరి పేపరుమీద పడింది. బియ్యపు గింజ. రెక్కకీ చట్రానికీ మధ్య ఇరుక్కుని, వేడికి కాస్త మాడింది.

నా ఆనందం చెప్పనలవి కాదు. వేటగాడికి పులి అడుగుజాడ దొరికినట్టయింది. "బియ్యం! కార్డులోకి బియ్యం ఎలా వస్తుంది? పూజలో పెడితేనే వస్తుంది! కాకూ, మీ ఇంట్లో దీన్ని పూజకి పెట్టారు. అప్పుడే ఫ్యాను పాడయింది. అది తెలిసి కూడా పది రోజులు ఆడలేదని చెప్పి మాకిచ్చారు. అవునా, కాదా?"

దులాల్ కాకు చేతిలోని గారె ముక్కని పళ్ళెంలో పెట్టేశాడు. ఎన్నేళ్ళుగానో ఆ పళ్ళెంలో ఆయన ఏదీ మిగల్చడం నేను చూడలేదు. నాన్న మొహం రక్తం లేనట్టయిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం నడుంమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

కాకు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. గింజని గుడ్డ చుట్టిన వేలితో ఎత్తి అరచేతిలో వేసుకుని, దీపం దగ్గరికి వంగి చూశాడు. వాసన చూశాడు.

"మా ఇంట్లో దీవించడానికి బియ్యం వాడం బాబా," అన్నాడు. "ధాన్ వాడతాం. వడ్లు. పొట్టుతో ఉంటాది. దాంతో దుర్బో, మీ గరిక గడ్డి." గింజని వేలితో దొర్లించాడు. "దీనికి పొట్టు నేదు. రంగు సూడు, పసుపు. నెయ్యి వాసనొస్తంది."

మెల్లగా తలతిప్పి గది మూల ఉన్న పూజ పీటవైపు చూశాడు. నాన్న చూశాడు. బావ చూశాడు. పీటమీద పళ్ళెంలో, అరగుప్పెడు, పసుపు రాసి, నెయ్యి అంటి, అచ్చం ఆ గింజకి తోడబుట్టినవన్నీ మెరుస్తూ కూర్చున్నాయి.

"నాను నాలుగు గింజలేసినాను," అంది అమ్మ కంగారుగా. "అవీ బొట్టు పక్కన. ఫ్యానులో ఎయ్యనేదు. ఒట్టు!"

"అత్తా," అన్నాడు బావ చాలా తియ్యగా, "మనం నలుగురం సేతులు సూపిద్దాం. ఎవలి అరిసెయ్యి పసుపుగా ఉన్నాదో సూద్దాం."

గుమ్మడికాయల దొంగంటే ఒకడు భుజాలు తడుముకున్నాడట. నేను చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాను. దాచుకునే తొందర్లో స్క్రూడ్రైవరు జారి నా కాలిమీదే పడింది. కెవ్వుమని అరిచి, ఆ కాలిని పట్టుకోవడానికి చేతులు ముందుకి తెచ్చాను. పిడికెడు భక్తితో అరచెయ్యంతా పసుప్పచ్చగా వెలిగిపోయింది.

బయట ఎవడో ఆఖరి పటం తెంపినట్టున్నాడు. "భోకట్టా!" అని వినబడింది.

"పిడికెడు ఏసినావేట్రా?" అంది అమ్మ, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

"గెలవాలని..." అన్నాను. నాకే వినబడనంత చిన్నగా అన్నాను.

మొదట నవ్వింది దులాల్ కాకు. గారెముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుని, పొట్ట అదిరేలా నవ్వాడు. "బౌదీ, సల్లారిపోనాది, ఏడిది ఇంకోటెయ్యి!" అన్నాడు. ఆ మాట విన్నాకే నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుని, నావైపు చూసిన చూపుని మాత్రం చాలా రోజులు దించలేదు.

నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి కాకు కాళ్ళు పట్టుకున్నాను. ఈసారి వంగినచోట ఏమీ అనుమానించలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. కాకు ఆ మాడిన గింజని నా నెత్తిమీద పెట్టి, చేత్తో అదిమాడు. "బెంచే థాకో బాబా," అన్నాడు. నూరేళ్ళు బతకమని దీవెన. తర్వాత నాన్నవైపు తిరిగి, "నూరేళ్ళు ఈణ్ణి నువ్వెలా భరిస్తావో అది నీ కష్టం," అన్నాడు.

అప్పుడు కార్డు మళ్ళీ బిగించాం. అమ్మ కూడా అడ్డు చెప్పలేదు, దేవుడి సెలవు ఎలాగూ చెడింది కదా అని. ఫ్యాను బొంగరంలా తిరిగింది. అంకె నలభై పైనే, మూడు చుట్లూ, చెక్కుచెదరలేదు. ఎర్ర డబ్బా గెలిచింది. నేను లేచి కేక వెయ్యబోయి, నాన్న మొహం చూసి కూర్చున్నాను.

బావ మాట ప్రకారం చెంపలేసుకున్నాడు. వేసుకుంటూ, "కార్డు గెలిసినాది, నువ్వు కాదు," అన్నాడు.

కాబట్టి, తూర్పు తిరిగి, దులాల్ కాకు గింజ పెట్టిన ఈ నెత్తిమీద చెయ్యి వేసుకుని, పంచభూతాలూ పెనుభూతమూ సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో తిరిగే ఏ యంత్రంమీదా అక్షింత వెయ్యను. వేసినా పక్షపాతం లేకుండా వేస్తాను. ఊరికే ఏదైనా ఇచ్చినవాణ్ణి పల్లెత్తు మాట అనను. లోకంలో ఏది ఎక్కడ ఆగిపోయినా, ఎవరినైనా అనుమానించే ముందు నా అరచేతులు రెండూ వెలుగులో పెట్టి చూసుకుంటాను.

ఒక్క విషయంలో తప్ప. ఆ లవంగాలు. పంటినొప్పయినవాడు అన్నేసి గారెలు ఎలా తిన్నాడు? టీ తాగడానికి వెళ్ళిన ప్రతిసారీ, నేను కిటికీలోంచి చూస్తూండగానే, టీకొట్టు వెనక్కి ఎందుకు వెళ్ళాడు? వచ్చినప్పుడు పొగ వాసన ఎందుకొచ్చింది? నా అరచేతులు చూసుకునే అడుగుతున్నాను. శుభ్రంగా ఉన్నాయి.